పుట్టుకే సాక్ష్యమైన రోజుల నుంచి: ఠాణాలో ప్రశ్నలకి హద్దు ఎక్కడ?

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

సెల్‌ఫోన్ పోయిందనో బైక్ పోయిందనో మన పిల్లల్ని ఠాణాకి తీసుకెళ్తే ఊళ్లో మొదట వినిపించే మాట ఒకటే: "ఏం చేయకుండానే తీసుకెళ్తారా?" ఆ తర్వాతది: "నాలుగు తగిలిస్తే గానీ నిజం చెప్పరు." ఈ రెండు మాటలకీ పెద్ద చరిత్రే ఉంది. అందులో మన జాతుల పేర్లు కూడా ఉన్నాయి. సికింద్రాబాద్‌లో హాస్టల్లో ఉంటూ చదివి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నా.

1854లో మద్రాసు ప్రభుత్వం ముగ్గురితో ఒక కమిషన్ వేసింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. శిస్తు వసూలుకీ, నేరం ఒప్పించడానికీ జనాన్ని హింసిస్తున్నారన్న ఫిర్యాదులు లండన్ పార్లమెంటు దాకా వెళ్లడంతో వేసిన కమిషన్ అది. 1855లో నివేదిక ఇచ్చింది. హింస ఉన్న మాట నిజమేనని తేల్చింది. కిట్టీ అని ఒక సాధనం గురించి అందులో రాశారు. రెండు కర్రల్ని ఒక కొసన కట్టి, వాటి మధ్య వేళ్లు పెట్టి నొక్కుతారు. దానికి తెలుగులో చిరత అని పేరు. భజనలో వాయించే చిరతల పేరే అది. మనిషిని వంచి, తలా కాళ్లూ కలిపి కట్టేసి ఎండలో ఉంచే పద్ధతి ఇంకోటి. 1857లో కార్ల్ మార్క్స్ న్యూయార్క్ పత్రికలో ఈ నివేదిక గురించి రాశాడు.

కమిషన్ చెప్పిన ముఖ్యమైన సంగతి ఏంటంటే, శిస్తు వసూలు చేసేవాళ్లూ పోలీసు పని చేసేవాళ్లూ ఒకరే. అధికారమంతా ఒకే చేతిలో ఉంటే ఆపేవాడెవడు? 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి ఆ రెండు పనుల్నీ విడదీసింది. 1861లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని చెప్పింది. అదే రూలు 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ అయింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఇప్పుడది 23వ సెక్షన్. అంటే పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలుని నమ్మొద్దని నూట అరవై ఏళ్లకి పైగా చట్టమే చెప్తోంది. ఇది మనోళ్లలో చాలామందికి తెలియదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. సాక్ష్య చట్టం 1872లో వస్తే, దానికి ముందు, 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. ఒక చట్టం "కొట్టి రాబట్టిన ఒప్పుకోలు చెల్లదు" అంటోంది. రెండోది "వీళ్లకి ఒప్పుకోలుతో పనే లేదు, పుట్టుకే సాక్ష్యం" అంటోంది. 1911లో కొత్త చట్టంతో ఇది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. 1913లో ఎరుకల కోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం సెటిల్‌మెంట్ అలా పుట్టిందే. నిజాం రాజ్యంలో లంబాడాల మీదా ఇలాంటి నిఘానే ఉండేదని చరిత్రకారుడు భంగ్యా భుక్యా పరిశోధన చేసి రాశారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. కానీ దాని చోట అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. కాగితం మీద పేరు మారింది గానీ చూసే చూపు మారలేదు.

రాజ్యాంగం వచ్చాక 20(3) అధికరణ ప్రకారం నిందితుణ్ని తనకి తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదు. 22వ అధికరణ ప్రకారం ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలి, లాయరుని కలవనివ్వాలి, ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి.

ఈ హక్కులు ఠాణా గడప దాటి లోపలికి వెళ్తాయా? 1978 రెండు జవాబులిచ్చింది. ఆ మార్చి చివర్లో, సికింద్రాబాద్‌కి దగ్గర్లోనే ఉన్న నల్లకుంట ఠాణాకి రాత్రిపూట సినిమా చూసి వస్తున్న రమీజాబీని తీసుకెళ్లారు. ఆమె మీద పోలీసులు అత్యాచారం చేశారనీ, రిక్షా తొక్కే ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ని కొడితే చనిపోయాడనీ ఊరు భగ్గుమంది. కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పింది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరుకి మారి, 1981లో అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు.

అదే ఏడాది ఏప్రిల్ 7న సుప్రీంకోర్టులో నందినీ శత్పథి కేసు తీర్పు వచ్చింది. మౌనంగా ఉండే హక్కు కోర్టులోనే కాదు, పోలీసులు ప్రశ్నించేటప్పుడూ ఉంటుందని జస్టిస్ కృష్ణయ్యర్ చెప్పారు. కొట్టడం ఒక్కటే బలవంతం కాదు, మాటలతో బెదిరించడం, మనసు మీద ఒత్తిడి పెట్టడం కూడా బలవంతమే అన్నారు. ఆడమనిషిని ఠాణాకి పిలిపించడాన్ని తప్పుపట్టారు. ఆమె ఒకప్పటి ఒడిశా ముఖ్యమంత్రి. రమీజాబీ రిక్షా కార్మికుడి భార్య. చట్టం ఒకటే, అది ఎవరి దాకా చేరుతుందన్నదే అసలు ప్రశ్న.

తర్వాత 1996 డిసెంబర్ 18న డి.కె. బసు తీర్పు అరెస్టుకి పదకొండు నిబంధనలు పెట్టింది. 2010లో సెల్వి తీర్పు నార్కో, లై డిటెక్టర్ పరీక్షలు ఇష్టం లేకుండా చేయొద్దంది. 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పు ప్రతి ఠాణాలో సీసీ కెమెరాలు పెట్టమంది.

మరి ఇన్ని ఉన్నా కొట్టడం ఎందుకు ఆగట్లేదు? ఒక కారణం చట్టంలోనే ఉంది. ఒప్పుకోలు చెల్లదు గానీ, నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ వస్తువుకి సంబంధించిన ముక్క వరకు చెల్లుతుంది. పాత చట్టంలో ఇది 27వ సెక్షన్. దీనికి హద్దు గీసింది మన తెలుగు నేల కేసే. గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు. 1946లో తీర్పు వచ్చింది. "ఈటెతో పొడిచాను, ఈటెని ఫలానా చోట దాచాను" అని నిందితుడు చెప్తే, దాచిన మాట వరకే సాక్ష్యం, పొడిచిన మాట సాక్ష్యం కాదు. ఇప్పటికీ కోర్టులు ఈ తీర్పునే చెప్తాయి. కానీ వస్తువు దొరికితే చాలు అనే ఆశ ఉన్నంతకాలం లాఠీకి పని ఉంటూనే ఉంటుంది.

"దొంగని కొట్టకపోతే ఎలా?" అని మనలోనే కొందరు అడుగుతారు. దెబ్బలకి తట్టుకోలేక మనిషి నిజం చెప్పడు, కొట్టేవాడు వినాలనుకున్నది చెప్తాడు. 2007 మే 18న మక్కా మసీదు పేలుడులో తొమ్మిదిమంది చనిపోయారు. అనుమానంతో చాలామంది ముస్లిం యువకుల్ని పట్టుకున్నారు. హింసించారని వాళ్లు చెప్పారు. తర్వాత కోర్టుల్లో నిర్దోషులయ్యారు. ప్రభుత్వం పరిహారం కూడా ఇచ్చింది, 2013లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత వేరేవాళ్ల మీద కేసు నడిస్తే 2018లో వాళ్లూ నిర్దోషులయ్యారు. దెబ్బలు తిన్నవాళ్లకి న్యాయం దొరకలేదు, చనిపోయినవాళ్ల కుటుంబాలకీ దొరకలేదు. అంటే లాఠీ బాధితుడికి కూడా అన్యాయమే చేస్తుంది.

మన ఫోన్లలో ఉండాల్సినవి చెప్తా. ఊరికే ప్రశ్నించడానికి ఆడవాళ్లని, 15 ఏళ్ల లోపు పిల్లల్ని, 60 దాటినవాళ్లని, జబ్బుతో ఉన్నవాళ్లని ఠాణాకి రమ్మనకూడదు, ఇంటి దగ్గరే అడగాలి. ఇది బీఎన్ఎస్ఎస్ 179. అరెస్టు చేస్తే సాక్షి సంతకంతో కాగితం రాయాలి, ఇంట్లోవాళ్లకి చెప్పాలి. ప్రశ్నించేటప్పుడు లాయరుని కలవొచ్చు, మొత్తంసేపు పక్కన ఉండకపోయినా సరే. ఒప్పించడానికి కొడితే అది బీఎన్ఎస్ 120 కింద నేరం, ఏడేళ్ల దాకా జైలు. మేజిస్ట్రేటు "ఏమైనా ఇబ్బంది పెట్టారా" అని అడిగినప్పుడు ఆ ఒక్క నిమిషం నోరు విప్పాలి. దెబ్బలు ఉంటే చూపించాలి, రాయించాలి.

2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు విముక్త జాతుల వాళ్లని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులని ఆదేశించింది. 1871లో మొదలైన చూపు ఇంకా ఉందని దేశపు పెద్ద కోర్టే ఒప్పుకున్నట్టు లెక్క. ఆ తీర్పు మన తండాలకి, గూడేలకి తనంతట తాను నడిచి రాదు. చదువుకున్న మనమే చేర్చాలి. మీ ఊళ్లో పెద్దోళ్లకి మన భాషలో ఈ నాలుగు మాటలు చెప్పండి. ఎవరికైనా లంబాడీలో, కోయలో, గోండీలో, ఎరుకలలో వాయిస్ రికార్డు చేయడం వీలైతే ఇక్కడే పెట్టండి.