సైకిలు కొనిస్తానన్నా చదవడేం?

మా ఊరి బళ్ళో అల్లరి పిల్లలకు మాష్టారి దగ్గర ఉన్న మందు బెత్తం. అది కాకపోతే గోడకుర్చీ, గుంజీళ్ళు. ఇంట్లో నాన్న దగ్గర ఇంకో మందు: "ఫస్టు క్లాసులో పాసవ్వు, వాచీ కొనిస్తా." ఆ రెంటి మధ్య పెరిగి, డబ్లిన్ వచ్చి, గుమాస్తా ఉద్యోగంలో కుదురుకున్న నేను మా అబ్బాయి దగ్గరా అదే పాట పాడాను. వేసవి సెలవుల దాకా రోజూ హోంవర్కు చేస్తే సైకిలు కొంటానన్నాను. మూడు రోజులు చేశాడు. నాలుగో రోజు పెన్సిలు నములుతూ కూర్చున్నాడు. "సైకిలు మీద కూడా ఆశ లేదా?" అని కేకలేశాను. కొన్నాళ్ళకు డాక్టరు వాడికి ఏడీహెచ్‌డీ ఉందని చెప్పారు. అప్పటినుంచి దీని చరిత్ర చదువుతున్నాను. నాలాగే పొరబడినవాళ్ళు చాలామందే ఉన్నారు.

1902లో లండన్‌లో జార్జి స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల గురించి మూడు ఉపన్యాసాలిచ్చారు. తెలివికి లోటు లేదు, కానీ కోరింది వెంటనే కావాలి, నిలకడ లేదు అని ఆయన గమనించారు. గమనిక మంచిదే. కానీ దానికి పెట్టిన పేరు నైతిక నిగ్రహ లోపం. అంటే తప్పు పిల్లవాడి నడతలో ఉందన్నమాట.

అప్పటి బళ్ళు ఎలా ఉండేవో కూడా చూడాలి. ఐర్లాండులో 1872 నుంచి ఆ శతాబ్దం చివరిదాకా టీచర్ల జీతంలో కొంత భాగం పిల్లల పరీక్షా ఫలితాల మీద ఆధారపడేది. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షించేవాడు. మన మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా ఫలితాలను బట్టి బళ్ళకు గ్రాంటిచ్చే పద్ధతి ఆ కాలంలోనే నడిచింది. బహుమతి ఏడాది చివర, అదీ టీచరుకు. పిల్లవాడికి ఇవాళ దొరికేది దెబ్బలే. కుదురుగా కూర్చోలేని పిల్లవాడి గతి ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు 30 మంది పిల్లలకు బెంజెడ్రిన్ అనే మందు ఇచ్చి చూశారు. వాళ్ళలో దాదాపు సగం మంది బడి పనిలో బాగా మెరుగుపడ్డారు. మందుతో మారేది ఒట్టి పొగరు ఎలా అవుతుంది? అయినా పేరు కుదరడానికి చాలా ఏళ్ళు పట్టింది. అమెరికా సైకియాట్రీ సంఘం పుస్తకంలో 1968లో ఒక పేరు, 1980లో ఇంకొకటి, 1987లో ఇప్పటి పేరు వచ్చాయి.

నా సైకిలు సంగతికి జవాబు 1992లో దొరికింది. ఇంగ్లండులో ఎడ్మండ్ సోనుగా-బార్క్, ఆయన తోటివారు పిల్లలను ఒక ఎంపిక అడిగారు: ఇప్పుడే చిన్న బహుమతి కావాలా, కాసేపు ఆగి పెద్దది తీసుకుంటావా? చిన్నది తీసుకుంటే ఆట త్వరగా అయిపోయేటప్పుడు చంచలమైన పిల్లలు చిన్నదానివైపే మొగ్గారు. ఏది ఎంచుకున్నా మొత్తం కాలం అంతే అన్నప్పుడు మాత్రం మిగతా పిల్లల్లాగే పెద్దది ఎంచుకున్నారు. పెద్ద బహుమతి విలువ వాళ్ళకు తెలియకపోలేదు. వాళ్ళు ఓర్చుకోలేనిది ఎదురుచూపునే. మా వాడికీ సైకిలు మీద ఆశ ఉంది. కానీ వేసవి చాలా దూరం, పెన్సిలు పని మాత్రం ఇప్పుడే.

ఐదేళ్ళకు, 1997లో, ఇక్కడి ట్రినిటీ కాలేజీకి చెందిన మైకేల్ గిల్, ఆయన సహచరులు డోపమైన్‌ను తిరిగి లోపలికి తీసుకునే ప్రోటీను జన్యువుకూ ఏడీహెచ్‌డీకీ సంబంధం కనిపించిందని ప్రచురించారు. శ్రమకు ఫలితం ఉంటుందన్న ఉత్సాహంలో డోపమైన్‌కు పెద్ద పాత్ర ఉంది. రిటలిన్ మందు పనిచేసేది ముఖ్యంగా ఆ ప్రోటీను మీదే. తరువాతి పరిశోధనల్లో ఒక్క జన్యువు కాదు, కొంచెం కొంచెం ప్రభావం చూపే జన్యువులు చాలా ఉన్నాయని తేలింది. ఏదేమైనా ఇది పెంపకం లోపం వల్ల వచ్చేది కాదు.

బెత్తం సంగతీ చెప్పాలి. ఐర్లాండు బళ్ళలో దాన్ని 1982లో ఆపేశారు. 1997 చట్టంతో టీచరు కొట్టడం నేరమైంది. 2015 డిసెంబరు నుంచి తల్లిదండ్రులు "క్రమశిక్షణ కోసం కొట్టాం" అని చెప్పుకున్నా చట్టం ముందు చెల్లదు. మనవాళ్ళు ఇది తెలుసుకోవాలి. మన దేశంలోనూ 2009 విద్యాహక్కు చట్టం బళ్ళలో దండనను నిషేధించింది.

మరి చేయాల్సిందేమిటి? మాకు సాయపడినవి చెబుతాను. పనిని పది నిమిషాల ముక్కలుగా చేశాం. ప్రతి ముక్క అయిన వెంటనే ఒక స్టిక్కరో, ఒక మెచ్చుకోలో, ఐదు నిమిషాల ఆటో ఇచ్చాం. మందు సంగతి డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. అనుమానం ఉంటే ముందు క్లాసు టీచరును, మీ జీపీని కలవండి. ఐర్లాండులో తల్లిదండ్రులే కలిసి మొదలుపెట్టిన సంఘం ఇప్పుడు ఏడీహెచ్‌డీ ఐర్లాండు పేరుతో నడుస్తోంది, వాళ్ళనూ అడగవచ్చు. నలుగురూ ఏమనుకుంటారో అని దాచి, ఊళ్ళో అమ్మమ్మకు కూడా చెప్పకుండా మేం ఒక ఏడాది పోగొట్టుకున్నాం. మీరు పోగొట్టుకోకండి.

సైకిలు కొన్నాం. హోంవర్కుతో ముడిపెట్టకుండా, వాడి పుట్టినరోజుకు.