కువైట్ నగరంలో వేషధారణ, గుర్తింపు: చరిత్ర

తెల్లటి దిష్దాషా (పొడవాటి అంగీ), తల మీద ఘుత్రా గుడ్డ, అది జారకుండా పట్టే నల్లటి అగాల్ ఉంటే కువైటీ. ప్యాంటు చొక్కా వేసుకుంటే బయటి మనిషి. కువైట్ నగరంలో కొత్తగా దిగిన ఎవరైనా మొదటి వారంలోనే నేర్చుకునే లెక్క ఇది. చాలాసార్లు సరిపోతుంది కూడా. కానీ ఈ లెక్క అంత పాతదేమీ కాదు. నగరానికి దాదాపు మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంటే, బట్టలు చూసి మనవాడా కాదా అని తేల్చే అలవాటు గట్టిపడింది చమురు వచ్చాకే. వేషం వేసుకున్నంత మాత్రాన ఒక సమూహంలో చోటు దొరుకుతుందా అన్న వాదన 1960లలో అమెరికా హిప్పీల మధ్య గట్టిగా నడిచింది. దాదాపు ఆ కాలంలోనే కువైట్ కూడా, పూర్తిగా వేరే కారణాల వల్ల, దుస్తులకూ సభ్యత్వానికీ ముడివేయడం మొదలుపెట్టింది.

ఓడల కాలం

చమురుకు ముందు కువైట్ బతుకంతా సముద్రం మీదే నడిచింది. వేసవిలో ముత్యాల వేట, చలికాలంలో సరుకు రవాణా. బస్రా ఖర్జూరాలు నింపుకున్న ఓడలు కరాచీ, బొంబాయి, మలబారు తీరాలకు వెళ్లి టేకు కలప, బియ్యం, మసాలా దినుసులు, బట్టల తానులు తెచ్చేవి. కువైటీ వర్తక కుటుంబాలు బొంబాయిలో కొట్లు తెరిచి తరాల పాటు అక్కడే కాపురం ఉన్నాయి. 1961 దాకా నగరంలో చెలామణి అయింది రూపాయే. అందుకే ఆనాటి కువైటీ ఒంటి మీది బట్టలో భారతదేశం వాటా పెద్దది. ఓడ పనివాళ్లు నడుముకు చుట్టుకునే వజార్ దాదాపు మన లుంగీయే. పెళ్లిళ్లకు, పండగలకు ఆడవాళ్లు వేసుకునే నషల్ తోబ్‌కు కావలసిన పలచటి బట్ట కూడా ఓడల్లో భారతదేశం నుంచి వెళ్లేది.

ఆ రోజుల్లో దుస్తులు దేశాన్ని చెప్పేవి కావు. వృత్తిని, అంతస్తును, ఊరి మనిషా ఎడారి మనిషా అన్నదాన్ని చెప్పేవి. భుజాల మీద జరీ అంచు బిష్త్ ఉంటే పెద్ద వర్తకుడో, షేకో. ముఖానికి బుర్ఖా కట్టుకుంటే గుడారాల నుంచి వచ్చిన బెదూయిన్ స్త్రీ. నల్లటి అబాయా, ముఖం మీద పలచటి బుషియా ఉంటే నగరం గోడ లోపలి ఇల్లాలు. గోడ లోపల ఉన్నవాళ్లు మాత్రం అంతా ఒకే చోటి వాళ్లు కారు. మధ్య అరేబియాలోని నజ్ద్ నుంచి, ఇరాన్ తీరం నుంచి, ఇరాక్ నుంచి, బహ్రెయిన్ నుంచి వచ్చి స్థిరపడినవారు. వాళ్ల దుస్తులు ఒకదానికొకటి దగ్గరపడటానికి తరాలు పట్టింది.

చమురు, జనాభా లెక్క, చట్టం

1938లో బుర్గాన్‌లో చమురు పడింది. ప్రపంచ యుద్ధం వల్ల ఆలస్యమై 1946లో మొదటి నౌక చమురుతో బయలుదేరింది. ఆ తర్వాతి మార్పు ఎంత వేగంగా జరిగిందో 1957 నాటి మొదటి జనాభా లెక్క చూస్తే తెలుస్తుంది: మొత్తం 2,06,473 మంది, అందులో 92,851 మంది విదేశీయులు. 1965 నాటికి కువైటీలు సొంత దేశంలోనే సగం కంటే తగ్గిపోయారు. పాలస్తీనా ఉపాధ్యాయులు, ఈజిప్టు గుమాస్తాలు, ఇరానీ కూలీలు, భారతీయ ఇంజనీర్లు నగరాన్ని నింపారు.

1920లో శత్రువుల దాడికి భయపడి ప్రజలంతా చేయి వేసి కట్టిన మట్టి గోడను, నగరం విస్తరించడం కోసం 1957లో కూల్చేశారు. ద్వారాలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. గోడ పడిపోయిన రెండేళ్లకు, 1959లో జాతీయతా చట్టం వచ్చింది. 1920కి ముందు కువైట్‌లో స్థిరపడి అప్పటి నుంచీ అక్కడే ఉన్న కుటుంబాల వారే మూల పౌరులని అది తేల్చింది. మట్టి గోడ చేసిన పనిని ఇకపై కాగితం చేయసాగింది. కాగితం జేబులో ఉంటుంది, పైకి కనిపించదు. వీధిలో దాన్ని కనిపించేలా చేసే బాధ్యత దుస్తుల మీద పడింది.

1950, 60 దశకాల్లో కైరోలోనో, బీరూట్‌లోనో, లండన్‌లోనో చదివి వచ్చిన కువైటీ యువకులు కొందరు సూటు బూటుతో ఆఫీసులకు వెళ్లేవారు. కాలం గడిచేకొద్దీ పౌరుడి హోదా, జీతం, ఇల్లు, సబ్సిడీలు అన్నీ కాగితంతో ముడిపడ్డాయి, దిష్దాషా విలువా పెరిగింది. నార్వేలో స్థిరపడిన మానవశాస్త్రవేత్త ఆన్ న్గా లోంగ్వా 1997లో వెలువరించిన ‘వాల్స్ బిల్ట్ ఆన్ శాండ్’ గ్రంథం ఈ విషయాన్ని అన్నిటికంటే లోతుగా పరిశీలించింది. తమ దేశంలో తామే మైనారిటీ అయిన కువైటీలకు జాతీయ దుస్తులు సరిహద్దు గీతగా పనిచేశాయన్నది ఆమె వాదన. ఆ గీతను నిలబెట్టింది ముఖ్యంగా అలవాటు. గల్ఫ్ బయటి అరబ్బు దేశాల వారు సైతం కువైట్‌లో దిష్దాషా జోలికి పోకుండా ప్యాంటు చొక్కాతోనే సరిపెట్టుకున్నారు.

ఒక దిష్దాషాకూ మరొక దిష్దాషాకూ తేడా ఉంటుందని గల్ఫ్ వాళ్లకు తెలుసు. ఎమిరాతీ వస్త్రానికి కాలరు ఉండదు, మెడ దగ్గర పొడవాటి కుచ్చు వేలాడుతుంది. ఒమానీది పొట్టి కుచ్చు, తలకు కుట్టుపని టోపీ. కువైటీది మెడకు అంటిన పొందికైన కాలరు, వేసవిలో తెలుపు, చలికాలంలో బూడిద, గోధుమ, నీలం రంగుల మందపాటి బట్ట. ఈ జాతీయ దుస్తుల తయారీ ఎక్కడెక్కడో జరుగుతుంది. మేలైన బట్టలో పెద్ద భాగం తోయోబో, షికిబో వంటి జపాన్ మిల్లుల నుంచి వస్తుంది. కొలతలు తీసి కుట్టే దర్జీలు ఎక్కువగా భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్ వాళ్లు. ఎవరు పౌరులో చెప్పే వస్త్రాన్ని పౌరసత్వం ఎన్నటికీ రాని చేతులు కుడుతున్నాయి. ముబారకియా సూక్‌లో బిష్త్‌ల వరస దాటి నడిచే ప్రతివారికీ ఇది కళ్లెదుట కనిపించే సంగతే.

హిప్పీలతో పోలిక

శాన్ ఫ్రాన్సిస్కోలో హైట్ యాష్‌బరీ వీధుల హిప్పీలకు సభ్యత్వ కార్డు లేదు, సంఘం లేదు, పెద్దలు లేరు. పూసల దండలు, పొడవాటి జుట్టు, భారతీయ కుర్తాలు, అఫ్ఘాన్ కోట్లు, పాత సైనిక దుస్తులు – ఇవే వాళ్ల గుర్తులు. గుర్తు తప్ప మరేదీ లేనప్పుడు దాన్ని కొనుక్కున్న ప్రతివాడూ లోపలికి వచ్చేస్తాడు. 1967 వేసవిలో అదే జరిగింది. పత్రికల హడావిడికి వేల మంది యువకులు అక్కడికి తరలివచ్చారు, దుకాణాలు పూసలు అమ్ముకున్నాయి. అదే ఏడు అక్టోబరు 6న ఆ పేటలోని పాతకాపులే శవపేటిక మోసి ‘హిప్పీ మరణించాడు’ అని అంత్యక్రియలు జరిపారు. డబ్బు లేకుండా అన్నం, బట్టలు పంచిన డిగ్గర్ల వంటి బృందాల దృష్టిలో పంచుకుని బతకడమే అసలు సంగతి, జుట్టు కాదు. ఈ వ్యాసకర్త దృష్టిలో డిగ్గర్ల మాటే సరైనది: వేషం ఒక సమూహాన్ని పరిచయం చేయగలదు, నిలబెట్టలేదు.

ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్, లాహోర్, ఢిల్లీ మీదుగా ఖాట్మండు చేరిన హిప్పీల బాట కువైట్‌ను తాకలేదు. 1979లో ఇరాన్ విప్లవం, ఏడాది చివర అఫ్ఘానిస్థాన్‌లోకి సోవియట్ సేనల రాకతో అది మూసుకుపోయింది. ఆ కాలపు ఫ్యాషన్ మాత్రం చదువుల కోసం విదేశాలకు వెళ్లిన విద్యార్థుల వెంట, సినిమాల వెంట నగరానికి చేరింది. అక్కడ హిప్పీ దుస్తులు పౌరుడి పిల్లవాడి సరదాగానే ఉండిపోయాయి. బెల్ బాటం వేసుకున్న కువైటీ కుర్రవాడు కువైటీ కాకుండా పోలేదు. ఈనాటి యువకులు దిష్దాషా మీద బేస్‌బాల్ టోపీ పెట్టుకుని తిరిగినా అంతే. కాగితం ఉన్నవాడు వేషంతో ఆడుకోగలడు.

అబాయా తీసినవారు, వేసుకున్నవారు

ఆడవాళ్ల విషయంలో గీత ఇంత సులువుగా లేదు. 1950లలో చదువుకున్న కొందరు యువతులు అబాయాలను బాహాటంగా వదిలేశారు, కొందరు తగలబెట్టారు కూడా. 1956లో ప్రభుత్వమే కొందరు అమ్మాయిలను ఉన్నత చదువుకు కైరో పంపింది. 1966లో కువైట్ విశ్వవిద్యాలయం తెరుచుకుంది. ఆ దశాబ్దపు ఫొటోలలో తల మీద బట్ట లేని, మోకాలి దాకా గౌన్లు తొడిగిన విద్యార్థినులు కనిపిస్తారు. 1970ల చివరి నుంచి మతపునరుజ్జీవనం ఊపందుకుంది. అబాయా తీసిన తల్లుల కూతుళ్లు హిజాబ్ వేసుకోవడం మొదలైంది. రెండు తరాల వారూ తమ ఎంపికనే ఆధునికమని, తమదని నమ్మారు. ఆ నమ్మకాన్ని గౌరవించకుండా ఈ చరిత్ర రాయడం కుదరదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ దురాక్రమణ మొదలై 1991 ఫిబ్రవరి 26 వరకు సాగింది. ఆ ఏడు నెలల్లో ప్రతిఘటనలో పాల్గొన్న స్త్రీలు అబాయాల చాటున మందులు, కాగితాలు, ఆయుధాలు దాటించారు. 2005 మే 16న ఆడవాళ్లకు ఓటుహక్కు దక్కింది. 2007లో విద్యాశాఖ మంత్రి నూరియా అల్ సుబైహ్ తల మీద బట్ట లేకుండా ప్రమాణం చేసినప్పుడు కొందరు పార్లమెంటు సభ్యులు నిరసించారు. 2009 మేలో నలుగురు స్త్రీలు తొలిసారి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. వారిలో అసీల్ అల్ అవధీ, రోలా దష్తీ హిజాబ్ ధరించలేదు. వాళ్ల సభ్యత్వాన్ని సవాలు చేసిన కేసును అదే ఏడు అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసింది.

మరో తీర్పూ ముఖ్యమైనదే. ‘వ్యతిరేక లింగాన్ని అనుకరించడం’ నేరమంటూ 2007లో శిక్షాస్మృతి 198వ అధికరణకు సవరణ చేశారు. ఏది అనుకరణో అందులో లేదు. జుట్టు, నడక, చొక్కా గుండీ చూసి తేల్చే అధికారం పోలీసు చేతికి వచ్చింది. ట్రాన్స్‌జెండర్ స్త్రీలు అరెస్టులకు, హింసకు గురయ్యారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2012లో వివరంగా నమోదు చేసింది. 2022 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ సవరణను చెల్లదని కొట్టేసింది.

దుస్తులున్నా కాగితం లేనివారు

వేషమే సభ్యత్వమైతే బిదూన్ల సమస్య ఉండేదే కాదు. 1959 చట్టం నాటికి నమోదు కాని ఎడారి తెగల వారు, వారి సంతానం దాదాపు లక్ష మంది ఈనాటికీ ఏ దేశ పౌరసత్వమూ లేకుండా ఉన్నారు; వీళ్లే బిదూన్లు. దిష్దాషా అదే, యాస అదే, తెగ పేరూ చాలాసార్లు పౌరులదే. 1980ల మధ్య దాకా పోలీసులో, సైన్యంలో వీళ్లు పెద్ద సంఖ్యలో పనిచేశారు. ఆ తర్వాత ప్రభుత్వం వీళ్లను అక్రమ నివాసులుగా లెక్కించసాగింది. పక్క పక్కన నిలబడ్డ ఇద్దరిలో ఎవరు పౌరుడో బట్టలు చూసి ఎవరూ చెప్పలేరు. ఆసుపత్రి కౌంటరు, బడి ప్రవేశం, పెళ్లి నమోదు మాత్రం వెంటనే చెబుతాయి. 2024 మార్చి నుంచి వేల మంది పౌరసత్వాలు రద్దయ్యాయి. పెళ్లి ద్వారా పౌరులైన స్త్రీలు వారిలో ఎక్కువ. వాళ్ల ఇళ్లలో అబాయాలు నిన్న ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి.

తెలుగువారు

కువైట్‌లో ఉన్న దాదాపు పది లక్షల మంది భారతీయులలో తెలుగువారి సంఖ్య పెద్దది. రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతాల నుంచి, ఉభయ గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారే ఎక్కువ. ఆడవాళ్లలో చాలామంది ఖాదిం వీసా మీద ఇళ్లలో పనికి చేరినవారు. యజమానురాలు ‘మామా’, యజమాని ‘బాబా’. మనిషి ఉనికికి రుజువు బతాకా, అంటే సివిల్ ఐడి కార్డు. దానికి ఆధారం అకామా, అంటే నివాస అనుమతి. రెండిటికీ ఆధారం కఫీల్, అంటే స్పాన్సరు.

పనిమనిషి దుస్తులు ఆమె ఇష్టం మీద ఆధారపడవు. చాలా ఇళ్లలో పొడవాటి పైచొక్కా, పైజామా కలిసిన యూనిఫాం ఇస్తారు, కొన్నిచోట్ల తలకు బట్ట కట్టుకోమంటారు. ఇంటి పనివారి కోసం 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం తిండి, వసతి, వైద్యంతో పాటు దుస్తులు ఇవ్వడాన్ని యజమాని బాధ్యతగా రాసింది. ఆ చట్టం వారానికో సెలవు ఇచ్చి, పని గంటలకు హద్దు పెట్టినందువల్ల ఎంతో విలువైనది. అయితే షాపింగ్ మాల్‌లో పిల్లల బండి తోస్తూ ఆ యూనిఫాంలో కనిపించే స్త్రీని చూసేవారెవరూ ఆమె పేరు అడగరు, పని ఏమిటో మాత్రం వెంటనే తెలిసిపోతుంది. కఫీల్ ఇల్లు వదిలి బయటపడినవారిని తెలుగువాళ్లు ‘ఖల్లి వల్లి’ అంటారు. వాళ్లు మొదట వదిలించుకునేది ఆ యూనిఫాంనే. 2018లో ప్రకటించిన క్షమాభిక్షలో జరిమానా లేకుండా ఇంటికి చేరినవారిలో ఇలాంటి తెలుగు స్త్రీలు చాలామంది ఉన్నారు.

సెలవు రోజున నగరంలోని మాలియా ప్రాంతంలో చీరలు, లంగా ఓణీలు, కొత్త చొక్కాలు కనిపిస్తాయి. డబ్బు పంపే కౌంటర్ల దగ్గర, తెలుగు భోజనం దొరికే హోటళ్ల దగ్గర ఊళ్ల పేర్లతో పలకరింపులు వినిపిస్తాయి. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు ఫిబ్రవరి 25 జాతీయ దినోత్సవానికి బడుల్లో బుల్లి దిష్దాషాలు తొడుక్కుని, జెండాలు పట్టుకుని పాటలు పాడతారు. కువైట్‌లో పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. పన్నెండో తరగతి అయ్యాక వాళ్లలో ఎక్కువ మంది ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్ల కోసం విజయవాడకో, హైదరాబాద్‌కో, తిరుపతికో బయలుదేరతారు.