పల్లె చీటీ, సర్కారు టికెట్టు

లాటరీ అనగానే మన అభ్యుదయవాదులలో చాలామంది అది సోమరుల జూదమని ఒక్కమాటతో తోసివేస్తారు. జూదమే, కాదనడం లేదు. కాని ఎవరి డబ్బుతో, ఎవరి ఖజానా కోసం అని అడగకుండా తీర్పు చెబితే అది నీతిబోధ అవుతుందేగాని చరిత్ర విమర్శ కాదు.

రావులపాలెం వంటి వూరినుంచి చూస్తే ఈ ప్రశ్న స్పష్టమవుతుంది. గౌతమి దాటి కోనసీమలో అడుగుపెట్టేచోట వున్న వూరు. లంకలనుంచి, చుట్టుపట్ల తోటలనుంచి అరటి గెలలు ఇక్కడి మార్కెట్టుకు చేరతాయి. ఇటువంటి వూళ్ళలో ‘లాటరీ చీటీ’ అన్న మాట అందరికీ తెలిసినదే. ఇరవైమంది నెలకు వంద రూపాయల చొప్పున వేస్తారనుకుందాం. పేర్లు రాసిన కాగితాలు చెంబులో వేసి పసివాడిచేత ఒకటి తీయిస్తారు. ఎవరి పేరు వస్తే ఆ నెల రెండువేలూ వారివి. అయితే వారు మిగిలిన నెలలన్నీ కట్టవలసిందే. వారి పేరు మళ్ళీ చెంబులో పడదు. ఇరవై నెలలు గడిచేసరికి ప్రతివాడూ కట్టింది రెండువేలే, తీసుకున్నదీ రెండువేలే. ఇక్కడ అదృష్టం నిర్ణయించేది వంతును మాత్రమే.

అలాగని చీటీని ఆదర్శ సమాజంగా చిత్రించనక్కరలేదు. పాట చీటీలో అవసరం ముదిరినవాడు తగ్గించి పాడుకుంటాడు; ఆ తగ్గింపు తక్కినవారు పంచుకుంటారు. అవసరం ముదిరేది ఎవరికి? కౌలు కట్టవలసినవాడికి, ఆడపిల్ల పెళ్ళి పెట్టుకున్నవాడికి. ఓపిక పట్టగలిగినవాడు చివరిదాకా ఆగి లాభపడతాడు. చీటీ నడిపేవాడు రాత్రికిరాత్రి ఉడాయిస్తే అడిగే దిక్కుండదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా వరి బజారు సరుకైంది. డబ్బు కోతలనాడు చేతికొస్తుంది; శిస్తూ రోగమూ కోతలదాకా ఆగవు. ఆ ఎడాన్ని పూడ్చింది వడ్డీ వ్యాపారి, లేకపోతే చీటీ.

సర్కారు లాటరీ పుట్టుక వేరు. కలకత్తాలో 1817లో ఏర్పడిన లాటరీ కమిటీ టికెట్ల సొమ్ముతో రోడ్లు వేసింది. అంతకుముందు 1813లో పూర్తయిన టౌన్‌హాలు సైతం లాటరీ డబ్బుతో లేచినదే. ప్రభుత్వ అనుమతి లేని లాటరీలను 1844 చట్టం నిషేధించింది. 1870లో శిక్షాస్మృతిలో 294-ఏ సెక్షన్ చేరింది. అనుమతి వుంటే నేరం కాదన్నమాట! దొరలకు జూదంమీద కోపం లేదు, పోటీమీదనే కోపం. ఇండోచైనాలో ఫ్రెంచివారు 1930లలో లాటరీ నడిపారు.

ఇంతవరకు మనకు ఇబ్బంది లేదు. ఇబ్బంది ఇకమీదటిది. 1962లో హనోయి నగరం ‘నిర్మాణం’ పేరుతో సొంత లాటరీ ప్రారంభించింది. 1967లో కేరళలో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ప్రభుత్వం లాటరీ శాఖను నెలకొల్పింది. ఆర్థికమంత్రి పి.కె. కుంజు. టికెట్టు ఒక రూపాయి, మొదటి బహుమతి యాభై వేలు. తొలి డ్రా 1968 జనవరి 26న. కమ్యూనిస్టు ముఖ్యమంత్రి ఎందుకీ పని చేయవలసివచ్చింది?

ఖజానాలో డబ్బు లేక. ఆదాయపు పన్ను, కస్టమ్స్ సుంకాలు కేంద్రానివి. కాని నెపమంతా ఢిల్లీమీద వేయడం సులభం. వ్యవసాయ ఆదాయంమీద పన్ను రాష్ట్రాల చేతిలోనే వుంది. దాన్ని పెద్ద భూస్వామి ముక్కుపిండి వసూలుచేయడంకంటే కూలివాడు సంతోషంగా ఇచ్చే రూపాయి తేలిక. టికెట్టు సొమ్ము ఆస్పత్రికి చేరుతుంది, వికలాంగులకూ వృద్ధులకూ అమ్మకంలో బతుకుతెరువు దొరుకుతుంది అన్న వాదన అబద్ధం కాదు. 2020 ఏప్రిల్‌లో కరోనావల్ల వియత్నాంలో డ్రాలు ఆగినప్పుడు వీధుల్లో టికెట్లమ్మే ముసలివాళ్ళకు ఆ పూట రాబడి పోయింది. కాని పేద రోగి మందుకు పేద కూలీయే చందా వేస్తున్నాడన్న సంగతి ఆ వాదన దాచిపెడుతుంది.

చీటీకీ లాటరీకీ గల తేడా చట్టానికి తెలియకపోలేదు. పేరు వచ్చినవాడు బహుమతి పట్టుకుని వాయిదాలు మానుకునే ప్రైజు చిట్లను 1978 చట్టం నిషేధించింది. మామూలు చీటీని వదిలిపెట్టింది. దానికి ఆంధ్రప్రదేశ్‌లో 1971లోనే ఒక చట్టం, దేశమంతటికీ 1982లో మరొకటి వచ్చాయి. నేడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ప్రభుత్వ లాటరీ లేదు. ఫోనులో డబ్బు పందేల ఆటలనూ 2025 చట్టం నిషేధించింది. నిషేధాలు సరే, ఆ ఎడం మాత్రం పూడలేదు. 2019 ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం సాగుదారు కార్డుకు భూయజమాని సంతకంతో పదకొండు నెలల ఒప్పందం కావాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని వెనకాడతాడు. కార్డు లేని కౌలుదారుకు బ్యాంకులో పంట అప్పు పుట్టడం కష్టం. గెలలమ్మిన డబ్బు పుచ్చుకుని అతడు ఈ నెల చీటీ వాయిదా కట్టడానికి వెళతాడు.