ఇన్సులిన్ 20 యూనిట్లు కాస్తా 50 అయ్యేది ఇలాగే.. లేబుల్ మీద శాతం, 1:1000, ఐయూ ఉంటే లెక్క ఎలా కట్టాలి?

అల్మాస్‌గూడ, మీర్‌పేట, బడంగ్‌పేట.. ఈ వైపు కాలనీల్లో షుగర్ పేషెంట్ ఉన్న ఇంటి కోసం వెతకాల్సిన పనే లేదు. ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయ్యాక ఇన్సులిన్ వేసేది ఇంట్లో కోడలో, కొడుకో, లేదంటే పక్క వీధిలో ఉండే సిస్టరమ్మో. డాక్టర్ చీటీలో "ఉదయం 20 యూనిట్లు" అని ఉంటుంది. వయల్ ఫ్రిజ్‌లోనే ఉంటుంది. సిరంజి అయిపోతే మెడికల్ షాపుకెళ్లి "ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి" అంటారు. సరిగ్గా ఇక్కడే తేడా కొడుతోంది.

మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే ఇన్సులిన్ వయల్స్ మీద "40 ఐయూ/ఎంఎల్" అని రాసి ఉంటుంది. అంటే ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు. దీనికి వాడాల్సింది 40 గీతల సిరంజి, దాని మూత ఎరుపు రంగులో ఉంటుంది. పెన్నుల్లో వాడే కాట్రిడ్జ్‌లు, గ్లార్జిన్ లాంటి కొన్ని రకాల వయల్స్ మాత్రం "100 ఐయూ/ఎంఎల్"తో వస్తాయి. వయల్ 100 రకం అయితే సిరంజి కూడా 100ది కావాలి, దాని మూత నారింజ రంగు. రెండు సిరంజిలూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి.

ఇప్పుడు లెక్క చూడండి. 40 రకం ఇన్సులిన్‌ను 100 సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపలికి వచ్చేది 0.2 ఎంఎల్. అందులో ఉండేది 8 యూనిట్లే. షుగర్ దిగదు, మందు పనిచేయడం లేదనుకుంటారు. తిరగేస్తే ఇంకా ప్రమాదం. 100 రకం ఇన్సులిన్‌ను 40 సిరంజిలో 20 గీత దాకా లాగితే వచ్చేది అర ఎంఎల్. అంటే 50 యూనిట్లు! చెప్పింది 20, ఎక్కింది 50. చెమటలు పట్టి, కళ్లు తిరిగి, మనిషి స్పృహ తప్పే పరిస్థితి. వేసినవాళ్లు మాత్రం "20 గీత దాకానే వేశాం" అంటారు. వాళ్లు చెప్పేదీ నిజమే.

తప్పు లెక్కలో లేదు.. యూనిట్‌లో ఉంది

నర్సింగ్ చదివిన ఎవరినడిగినా డోస్ ఫార్ములా నిద్రలో లేపినా చెబుతారు. కావాల్సిన డోస్ బై చేతిలో ఉన్న డోస్, ఇంటూ ఎంఎల్. దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే నర్సింగ్ అమ్మాయిలు బట్టీ పట్టేదీ ఇదే. 2024 సెప్టెంబర్‌లో తెలంగాణ మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అలాంటి పరీక్షలకు చదివేవాళ్లకు డ్రగ్ కాలిక్యులేషన్ తప్పని సబ్జెక్ట్.

కానీ ఫార్ములా కంటే ముందు ఇంకో మెట్టు ఉంది. డాక్టర్ ఆర్డర్ ఎంజీలో ఉంటుంది. లేబుల్ శాతంలో ఉంటుంది. లేదంటే ఆర్డర్ ఎంఈక్యూలో, లేబుల్ ఎంజీలో. ఈ రెంటినీ ఒకే భాషలోకి తేకుండా ఫార్ములాలో పడేస్తే జవాబు చక్కగానే వస్తుంది. పేషెంట్‌కే సరిపోదు. అందుకే సీనియర్ సిస్టర్లు పాటించే పద్ధతి సింపుల్. ముందు "ఒక్క ఎంఎల్‌లో ఎన్ని ఎంజీ?" అనేది తేల్చుకుంటారు. ఆ తర్వాతే సిరంజి చేతిలోకి తీసుకుంటారు.

శాతం కనిపిస్తే పదితో గుణించడమే

ఇంజెక్షన్లు, సెలైన్ల మీద ఉండే శాతానికి అర్థం 100 ఎంఎల్‌లో ఎన్ని గ్రాములు అని. 1 శాతం అంటే 100 ఎంఎల్‌లో 1 గ్రాము, అంటే 1000 ఎంజీ. ఒక ఎంఎల్‌కి 10 ఎంజీ. కాబట్టి శాతాన్ని పదితో గుణిస్తే ఒక ఎంఎల్‌లో ఉన్న ఎంజీలు వచ్చేస్తాయి.

కుట్లు వేసే ముందు ఇచ్చే లిగ్నోకైన్ 2 శాతం అంటే ఎంఎల్‌కి 20 ఎంజీ. 30 ఎంఎల్ వయల్ మొత్తంలో 600 ఎంజీ ఉంటుంది. అడ్రినలిన్ కలపని లిగ్నోకైన్‌కి పైహద్దు కిలో బరువుకి 4.5 ఎంజీ అనుకుంటే, 60 కిలోల మనిషికి 270 ఎంజీ, అంటే 13.5 ఎంఎల్. "2 శాతమే కదా" అని చిన్నచూపు చూస్తే, సగం వయల్ కూడా కాకముందే హద్దు దాటిపోతుందన్నమాట.

ఇంకో సరదా లెక్క. 5 శాతం డెక్స్‌ట్రోజ్ 500 ఎంఎల్ బాటిల్‌లో ఉండే చక్కెర 25 గ్రాములు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 ఎంఎల్ బాటిల్‌లోనూ అంతే, 25 గ్రాములు. చక్కెర ఒకటే అయినా చిక్కదనం ఐదు రెట్లు. 25 శాతాన్ని చిన్న నరంలోకి హడావుడిగా ఎక్కిస్తే నరం మండిపోతుంది.

పసిపిల్లలకు 10 శాతం డెక్స్‌ట్రోజ్ కావాల్సి వచ్చి అది స్టాక్ లేకపోతే, 5, 25 శాతాలను కలిపి తయారు చేసుకుంటారు. 25లోంచి 10 తీసేస్తే 15. 10లోంచి 5 తీసేస్తే 5. అంటే 5 శాతం మూడు వంతులు, 25 శాతం ఒక వంతు. 75 ఎంఎల్, 25 ఎంఎల్ కలిపితే చక్కెర 3.75 ప్లస్ 6.25, మొత్తం 10 గ్రాములు. తీసివేతలతోనే పని అయిపోయింది.

1:1000.. అంకె పెరిగితే మందు తగ్గుతుంది

అడ్రినలిన్ ఆంప్యూల్ మీద 1:1000 అని ఉంటే 1000 ఎంఎల్‌లో 1 గ్రాము, అంటే ఎంఎల్‌కి 1 ఎంజీ. 1:10,000 అంటే ఎంఎల్‌కి 0.1 ఎంజీ మాత్రమే. పెద్ద అంకె కనిపించిందని బలమైన మందు అనుకుంటే పదిరెట్ల పొరపాటు జరిగిపోతుంది. ఎలర్జీతో ఊపిరాడని పెద్దవాళ్లకు కండలోకి ఇచ్చే డోస్ 0.5 ఎంజీ, అంటే 1:1000లో అర ఎంఎల్. పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకు వాడేది 1:10,000. దానికోసం ఒక ఎంఎల్ ఆంప్యూల్‌కి 9 ఎంఎల్ నార్మల్ సెలైన్ కలిపి పది ఎంఎల్ చేస్తారు.

ఈ తికమక మన దగ్గరే కాదు. అమెరికాలో 2016 నుంచి అడ్రినలిన్ లాంటి మందుల లేబుళ్ల మీద ఈ నిష్పత్తి రాతనే తీసేసి, ఎంఎల్‌కి ఎన్ని ఎంజీ అనేదే రాయమన్నారు. తెలివైన పని.

పొటాషియం దగ్గర ఆటలొద్దు

ఎంఈక్యూ అనగానే చాలామంది నర్సింగ్ స్టూడెంట్లకు చెమట పడుతుంది. భయపడాల్సిందేమీ లేదు, ఉప్పు బరువును దాని అణుభారంతో భాగిస్తే చాలు. పొటాషియం క్లోరైడ్ అణుభారం దాదాపు 74.5. ఆంప్యూల్ మీద 15 శాతం అని ఉంటే ఎంఎల్‌కి 150 ఎంజీ. 150ని 74.5తో భాగిస్తే సుమారు 2. అంటే ఎంఎల్‌కి 2 ఎంఈక్యూ, 10 ఎంఎల్ ఆంప్యూల్‌లో 20 ఎంఈక్యూ.

ఇప్పుడు డాక్టర్ "కేసీఎల్ 20" అని రాసి పక్కన యూనిట్ రాయలేదనుకోండి. 20 ఎంఈక్యూ అయితే ఒక ఆంప్యూల్. 20 ఎంఎల్ అనుకుంటే రెండు, అంటే 40 ఎంఈక్యూ. అలాంటి చీటీ కనిపిస్తే ఊహించుకోకుండా ఫోన్ చేసి అడగడమే మార్గం. రాత్రి రెండింటికైనా సరే.

ఇది డైరెక్టుగా నరంలోకి నెట్టే మందు కాదు. గుండె ఆగిపోతుంది. 500 ఎంఎల్ సెలైన్‌లో 20 ఎంఈక్యూ కలిపితే లీటరుకి 40 ఎంఈక్యూ అవుతుంది. చేతి నరంలోకి గంటకు 10 ఎంఈక్యూ చొప్పున ఇవ్వాలంటే అది రెండు గంటలు నడవాలి. గంటకు 250 ఎంఎల్. ఇంకో చిన్న విషయం కూడా ఉంది. వేలాడుతున్న బాటిల్‌లోనే ఇంజెక్ట్ చేసి వదిలేస్తే పొటాషియం అడుగుకు చేరి, మొదట్లోనే చిక్కగా వెళ్లిపోతుంది. బాటిల్ దించి, కలిపాక నాలుగైదుసార్లు తిరగేసి, అప్పుడు పెట్టాలి.

ఇదే భాగహారం మిగతా వాటికీ పనికొస్తుంది. నార్మల్ సెలైన్ 0.9 శాతం అంటే లీటరుకి 9 గ్రాముల ఉప్పు. 58.4తో భాగిస్తే 154 ఎంఈక్యూ. 7.5 శాతం సోడియం బైకార్బొనేట్ అయితే ఎంఎల్‌కి 75 ఎంజీ, 84తో భాగిస్తే దాదాపు 0.9. కాల్షియం, మెగ్నీషియం మాత్రం రెండు ఛార్జీల వాళ్లు కాబట్టి వచ్చినదాన్ని రెండుతో గుణించాలి.

గర్భిణికి ఫిట్స్ వస్తే..

పల్లెల్లో గుర్రపు వాతం అంటారు. బీపీ పెరిగి గర్భిణికి ఫిట్స్ వచ్చే ఈ స్థితిలో ప్రాణం కాపాడేది మెగ్నీషియం సల్ఫేట్. ప్రభుత్వ ఆస్పత్రుల్లో దొరికేది 50 శాతం రకం. 2 ఎంఎల్ ఆంప్యూల్‌లో 1 గ్రాము. పెద్దాస్పత్రికి పంపే ముందు ఏఎన్ఎం ఇవ్వాల్సిన మొదటి డోస్ 10 గ్రాములు, ఒక్కో పిరుదులో 5 గ్రాములు. లెక్కేస్తే పది ఆంప్యూల్స్, అటు 10 ఎంఎల్, ఇటు 10 ఎంఎల్. ఒక్క ఇంజెక్షన్‌కి ఇన్ని ఆంప్యూల్సా అని సందేహం వస్తుంది. కానీ లెక్క సరైనదే.

నరంలోకి ఇచ్చే 4 గ్రాములు మాత్రం 20 శాతానికి పలచన చేయాలి. 4 గ్రాములంటే 50 శాతంలో 8 ఎంఎల్. దానికి 12 ఎంఎల్ కలిపితే 20 ఎంఎల్, అందులో 4 గ్రాములు.. అంటే సరిగ్గా 20 శాతం. నిదానంగా, నిమిషాల మీద ఇస్తారు. మోకాలి రిఫ్లెక్స్ పోయినా, శ్వాస నిమిషానికి 16 కంటే తగ్గినా తర్వాతి డోస్ ఆపేస్తారు. విరుగుడుగా 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 ఎంఎల్, అంటే 1 గ్రాము పక్కనే ఉంచుకుంటారు.

హెపారిన్ సంగతి ఇంకో రకం. ఒకే సైజు 5 ఎంఎల్ వయల్ మన మార్కెట్లో రెండు రకాలుగా వస్తుంది. ఒకటి ఎంఎల్‌కి 1000 యూనిట్లు, ఇంకోటి 5000. అరలో పక్కపక్కన పెడితే పొరపాటును పిలిచినట్టే.

రాతలోనూ ప్రాణం ఉంది

మైక్రోగ్రాముకీ ఎంజీకీ మధ్య వెయ్యి రెట్లు. చేత్తో గబగబా రాస్తే ఆ గుర్తు ఎంజీలాగే కనబడుతుంది. అందుకే "మైక్రో" అని పూర్తిగా రాయడం మేలు. ఐసీయూలో నోరాడ్రినలిన్ 4 ఎంజీని 50 ఎంఎల్ చేస్తే ఎంఎల్‌కి 80 మైక్రోగ్రాములు. 60 కిలోల పేషెంట్‌కి కిలోకి, నిమిషానికి 0.1 మైక్రోగ్రాము అంటే నిమిషానికి 6, గంటకు 360. దాన్ని 80తో భాగిస్తే పంపు మీద పెట్టాల్సింది 4.5 ఎంఎల్.

"10యూ" అని ఇంగ్లిష్ అక్షరంతో రాస్తే ఆ యూ సున్నాలా కనబడి 100 అయిపోతుంది. "5.0"లో చుక్క మాసిపోతే 50. చుక్క ముందు సున్నా ఉండాలి, చివర ఉండకూడదు.

టామ్‌కామ్ ద్వారానో, సొంతంగానో విదేశాలకు వెళ్లే నర్సులకు ఇంకో మార్పు ఎదురవుతుంది. మన దగ్గర షుగర్ 180 అంటే, బ్రిటన్ వార్డులో అది 10. వాళ్లు వాడేది మిల్లీమోల్, మన అంకెను 18తో భాగిస్తే వస్తుంది. అక్కడ 4 కంటే తక్కువ చూపిస్తే కంగారు పడాలి. మన లెక్కలో అది 72 కంటే తక్కువ.

ఇంట్లో అమ్మలకు కూడా ఇదే లెక్క

పారాసెటమాల్ సిరప్ 5 ఎంఎల్‌లో 120 ఎంజీ ఉండే రకం ఉంది, 250 ఉండే రకమూ ఉంది. పసిపిల్లల డ్రాప్స్‌లో అయితే ఒక్క ఎంఎల్‌లోనే 100 ఎంజీ. సిరప్ అలవాటులో డ్రాప్స్‌ను ఒక చెంచా, అంటే 5 ఎంఎల్ పోస్తే 500 ఎంజీ లోపలికి వెళ్తుంది. అది పెద్దవాళ్ల మాత్ర.

ఓఆర్ఎస్‌దీ అదే కథ. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడింది ఈ విషయం మీదే. చక్కెర ఎక్కువున్న డ్రింకుల మీద ఓఆర్ఎస్ పేరు ఉండకూడదన్నది ఆమె వాదన. చివరికి 2025 అక్టోబర్ 14న ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకానికి ఇచ్చిన పాత అనుమతులను రద్దు చేసింది. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. సోడియం లీటరుకి 75 మిల్లీమోల్.

అసలైన ఓఆర్ఎస్ కొన్నా ఇంట్లో కలిపే తీరు తేడా అయితే లాభం లేదు. లీటరు ప్యాకెట్‌ను 200 ఎంఎల్ గ్లాసులో కలిపేస్తే అది ఐదు రెట్లు చిక్కనవుతుంది, సోడియం 75 బదులు 375. విరేచనాలతో నీరసించిన బిడ్డకు అది మందు కాదు, ఉప్పునీళ్లు. గ్లాసుకే కావాలంటే 200 ఎంఎల్ చిన్న ప్యాకెట్లు వేరే దొరుకుతాయి. ప్యాకెట్ వెనక ఎన్ని నీళ్లు అనేది రాసే ఉంటుంది, కాకపోతే అక్షరాలు కాస్త చిన్నవి.