ధ్రువకాంతుల పైనున్న విద్యుత్ క్షేత్రం: ఒక వివాద చరిత్ర

ధ్రువ ప్రాంతాల ఆకాశంలో, నేలకు సుమారు వంద కిలోమీటర్ల ఎత్తునుండి పైకి కనిపించే ఆకుపచ్చని, ఎర్రని వెలుగులే ధ్రువకాంతులు. వేగంగా దిగివచ్చే ఎలక్ట్రాన్లు వాతావరణంలోని అణువులను, పరమాణువులను ఢీకొన్నప్పుడు ఇవి వెలువడతాయి. ఆ ఎలక్ట్రాన్లకు అంతటి శక్తి ఎక్కడ లభిస్తుందన్న ప్రశ్నకు సుదీర్ఘమైన వివాదచరిత్ర ఉంది. పరికరం తగిన ఎత్తుకు చేరేవరకు ఆ వివాదం తేలలేదు.

నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ 1902-03లో నార్వే, ఐస్లాండ్, స్పిట్స్‌బెర్గెన్, నొవాయా జెమ్ల్యాలలో నాలుగు పరిశీలన కేంద్రాలను నెలకొల్పి, ధ్రువకాంతుల వేళ కలిగే అయస్కాంత మార్పులను నమోదు చేయించాడు. అంతరిక్షం నుండి అయస్కాంత బలరేఖల వెంట విద్యుత్ ప్రవాహాలు దిగివచ్చి, కొంత దూరం అడ్డంగా సాగి, మళ్లీ పైకి పోతాయని ప్రతిపాదించాడు. 1917లో టోక్యోలో ఆయన మరణించేనాటికి ఈ వాదానికి విస్తృత ఆమోదం లభించలేదు.

అనంతర దశాబ్దాలలో ప్రాబల్యం పొందిన సిడ్నీ చాప్‌మన్ ఈ మార్పులను ఎగువ వాతావరణంలోనే అడ్డంగా సాగే ప్రవాహాలతో వివరించాడు. ఆయన గణితం పటిష్ఠమైనది. అయితే అయనావరణ వాహకత ఏకరీతిగా ఉందనుకుంటే, నిలువు ప్రవాహాలు, వాటితో ముడిపడిన అడ్డ ప్రవాహాలు నేలపై కలిగించే అయస్కాంత ప్రభావాలు పరస్పరం రద్దవుతాయి. నవోషి ఫుకుషిమా తరువాతి కాలంలో దీన్ని నిరూపించాడు. అంటే నేలపై కొలతలతో మాత్రమే ఆ రెండు పక్షాలలో ఒకదాన్ని ఎంచుకోవడం సాధ్యం కాదు.

బిర్కెలాండ్ మార్గాన్ని స్వీడన్‌కు చెందిన హానెస్ ఆల్వెన్ 1939 నుండి ముందుకు తీసుకువెళ్లాడు. బలరేఖల వెంట విద్యుత్ క్షేత్రం నిలవగలదని 1958లో వాదించాడు. పలుచని ప్లాస్మా బలరేఖల దిశలో దాదాపు పరిపూర్ణ వాహకమని, అందులో విద్యుత్ పీడనభేదం నిలవదని నాటి సాధారణ విశ్వాసం. ప్లాస్మాలో అయస్కాంత క్షేత్రం ఘనీభవించి ఉంటుందన్న ఆల్వెన్ తొలి భావనే ఆ విశ్వాసానికి బలమిచ్చింది. దాని పరిమితులను అనంతరం ఆయనే పదేపదే హెచ్చరించాడు.

కార్ల్ మెకిల్‌వెయిన్ రాకెట్ ప్రయోగాలలో ధ్రువకాంతి ఎలక్ట్రాన్లు దాదాపు ఒకే శక్తితో, సుమారు 6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులతో, వస్తున్నట్లు 1960లో వెల్లడైంది. ఒకే పీడనభేదాన్ని దాటివచ్చిన కణాల లక్షణమిది. 1,100 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం గుర్తించిన అయస్కాంత మార్పులను ఆల్ఫ్రెడ్ జ్ముడా బృందం 1966లో ప్రచురించింది. మరుసటి ఏడాది కమింగ్స్, డెస్లర్‌లు వాటిని బిర్కెలాండ్ ప్రవాహాలుగా వ్యాఖ్యానించారు.

1976లో ప్రయోగించిన ఎస్3-3 ఉపగ్రహం సుమారు 8,000 కిలోమీటర్ల ఎత్తువరకు వెళ్లింది. దూరంగా అమర్చిన గోళాల మధ్య పీడనభేదాన్ని కొలిచి, ఫారెస్ట్ మోజర్ బృందం 1977లో అత్యంత తీవ్రమైన విద్యుత్ క్షేత్రాలను ప్రకటించింది. ఆ ప్రాంతం నుండే అయాన్లు పైకి ఎగయడం కూడా కనిపించింది. ఎలక్ట్రాన్లను కిందికి, ధన అయాన్లను పైకి తోసేది ఊర్ధ్వముఖ విద్యుత్ క్షేత్రమే. 1982లో అక్కడే జంట పొరలు, ఏకాంత తరంగాలు నమోదయ్యాయి. 1996లో నాసా ప్రయోగించిన ఫాస్ట్ ఉపగ్రహం, ప్రవాహం కిందికి సాగే చోట ఎలక్ట్రాన్లు పైకి వేగం పుంజుకోవడాన్ని, ధ్రువకాంతి రేడియో తరంగాల జన్మస్థానాన్ని సూక్ష్మంగా పరిశీలించింది.

ఈ చరిత్రను దార్శనికుడైన బిర్కెలాండ్‌కు, మొండివాడైన చాప్‌మన్‌కు నడుమ పోరుగా చెప్పడం పరిపాటి. ఆ చిత్రణ చాప్‌మన్‌కు న్యాయం చేయదు. నేలపై లభించిన దత్తాంశం ఆయన పక్షాన్ని కూడా సమర్థించింది. ఆధారం ఎక్కడ సేకరించబడిందో, అక్కడినుండి ఏది కనిపించడానికి వీలులేదో గమనించకుండా శాస్త్రవివాదాల గెలుపోటములను నిర్ణయించడం చరిత్రకారునికి తగదు.