వండర్‌స్వాన్

వండర్‌స్వాన్ జపాన్‌కు చెందిన బందాయ్ సంస్థ 1999 మార్చి 4న విడుదల చేసిన వీడియో గేమ్ యంత్రం. చేతిలో పట్టుకుని ఆడుకునే ఈ యంత్రం ధర అప్పట్లో 4,800 యెన్లు. దీని రూపకల్పనకు పునాది వేసినవాడు గున్‌పెయ్ యోకోయ్. నింటెండో సంస్థలో గేమ్ అండ్ వాచ్ అనే చేతి గేమ్ యంత్రాన్నీ, 1989లో గేమ్‌బాయ్‌నూ తీర్చిదిద్దిన ఇంజనీరు ఆయనే. 1996 ఆగస్టులో నింటెండోను వదిలి, క్యోటోలో కోతో అనే సొంత సంస్థను పెట్టి, బందాయ్ కోసం ఈ పని చేపట్టాడు. 1997 అక్టోబరు 4న రోడ్డు ప్రమాదంలో, 56 ఏళ్ల వయసులో మరణించాడు. యంత్రం అంగడికి రావడం ఆయన చూడలేదు.

సరికొత్త సాంకేతికత వెంట పడకుండా, అప్పటికే చవకైన, నమ్మకం కుదిరిన విడిభాగాలతోనే కొత్త రకం ఆటను కల్పించాలన్నది యోకోయ్ సిద్ధాంతం. వండర్‌స్వాన్‌లో అది అడుగడుగునా కనిపిస్తుంది. తొలి గేమ్‌బాయ్‌కి నాలుగు ఏఏ సైజు సెల్లు కావాలి. దీనికి ఒక్కటి చాలు, దాంతోనే దాదాపు 30 గంటలు ఆడవచ్చు. అయినా లోపలున్నది 16-బిట్ ప్రాసెసర్. తెరలో రంగుల్లేవు, బూడిద రంగు ఛాయలే. ఎడమవైపు నాలుగేసి మీటలు రెండు జట్లుగా అమర్చడంతో యంత్రాన్ని అడ్డంగానూ, నిలువుగానూ పట్టుకుని ఆడే వీలు కలిగింది. ఈ అమరికే దీనిలోని అసలైన ప్రతిభ. తొలిరోజే వచ్చిన ‘గున్‌పే’ అనే పజిల్‌కు యోకోయ్ స్మారకంగా ఆయన పేరే పెట్టారు.

2000 డిసెంబరులో రంగుల తెరతో వండర్‌స్వాన్ కలర్ వచ్చింది. అప్పట్లో నింటెండోకు దూరంగా ఉన్న స్క్వేర్ సంస్థ తన ‘ఫైనల్ ఫాంటసీ’ గేమ్‌ను దీనికి అందించడం బందాయ్‌కి పెద్ద బలమైంది. ఆ ఊపు ఎక్కువకాలం నిలవలేదు. 2001 మార్చిలో నింటెండో 32-బిట్ గేమ్‌బాయ్ అడ్వాన్స్‌ను దింపింది. 2002 జూలైలో మరింత స్పష్టమైన తెరతో స్వాన్‌క్రిస్టల్ వచ్చినా లాభం లేకపోయింది. అమెరికా, ఐరోపా మార్కెట్లకు వెళ్లకపోవడం మరో దెబ్బ. 2003లో బందాయ్ ఉత్పత్తి ఆపేసింది. ఇది యంత్రం ఓటమి కాదు, మార్కెట్ ఓటమి.

వండర్‌విచ్ అనే కిట్‌తో ఔత్సాహికులు కూడా సి భాషలో దీనికి గేములు రాసుకోగలిగారు. పెద్ద కంపెనీలకే పరిమితమైన పనిని మామూలు ప్రోగ్రామర్ల చేతికి ఇవ్వడం ఆ రోజుల్లో అరుదైన సాహసం. అలా పుట్టి, వండర్‌విచ్ గేముల పోటీలో నెగ్గిన ‘జడ్జిమెంట్ సిల్వర్‌స్వోర్డ్’ 2004లో కార్ట్రిడ్జిగా అమ్మకానికి వచ్చింది. వండర్‌స్వాన్‌కు వచ్చిన చివరి గేముల్లో అదొకటి.