అల్పాయువైన యొక పాటమేళము

నేను చర్ల ప్రాంతమున ముప్పదియేండ్లకు పైగా తెలుగు బోధించి విశ్రాంతి గొన్నవాడను. బాలవ్యాకరణము వల్లించిన నాబోటివాడు గిటారుల మేళమును గూర్చి ప్రసంగించుట మీకు వింతగా దోచవచ్చును. కాని యా మేళమునకును నాకును ఒక ఋణానుబంధము గలదు. అది తుదను మనవి చేసెదను.

సినిమాతో సంబంధము లేని పాటను మనవారు పూర్వము ‘ప్రైవేటు పాట’ యనెడివారు. సాలూరి రాజేశ్వరరావుగారును, రావు బాలసరస్వతీదేవిగారును అట్టి పాటలను గ్రామఫోను పలకలపై నిచ్చిరి. 1938లో మద్రాసునను, 1948లో విజయవాడయందును రేడియో కేంద్రములు వెలసెను. 1941లో మద్రాసు కేంద్రమున చేరిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు మొదలగువారి కృషిచే లలితసంగీతమునకు నిలువ నీడ దొరకెను. అయినను సినిమా పెరిగినకొలది ఆ నీడ కుంచించుకొనిపోయెను. పాట యన్న సినిమాపాటయే యను భావము జనుల మనస్సులలో పాతుకొనెను.

ఇట్లుండగా 1990 తరువాత ఉపగ్రహ ప్రసారములు వచ్చెను. 1995లో అలీషా చినాయ్ పాడిన ‘మేడిన్ ఇండియా’ దేశమంతట మ్రోగెను. కథతో పనిలేక పాట తన కాళ్లపై తాను నిలువగలదను ఆశ చిగిర్చెను. ఆ దశాబ్దముననే రమణ గోగుల యను తెలుగు యువకుడు ‘మిస్టీ రిథమ్స్’ అను మేళముతో ‘అయే లైలా’ యను పాటల సంపుటిని వెలువరించెను. ఆ పేరునకు మంచుతెరల లయలని యర్థము చెప్పుకొనవచ్చును. పాశ్చాత్యుల పాప్, రాక్ బాణీలలో నడచు మేళమది.

ఆ మేళము పేరు చిరకాలము వినబడలేదు. 1998లో ‘ప్రేమంటే ఇదేరా’ చిత్రమునకు రమణ గోగుల సంగీతము కూర్చెను. 1999లో ‘తమ్ముడు’, 2000లో ‘బద్రి’ వచ్చెను. ఆయన పేరు ఇంటింట మారుమ్రోగెను. మేళము పేరు మరుగుపడెను.

ఇందుకు ఆయనను నిందించుట న్యాయము కాదు. ఇంగ్లండులో బీటిల్సు మేళము 1960 మొదలు 1970 వరకు పదేండ్లు నిలిచెను. వారు పేరుపడక పూర్వము రాత్రివేళల వాయించుకొనుటకు లివర్పూలునను, జర్మనీ దేశపు హాంబర్గునను చిన్న చిన్న క్లబ్బులుండెను. మన యూళ్లలో వేదిక హరికథకు గలదు, పద్యనాటకమునకు గలదు, సినిమాపాటలనే మరల పాడు ఆర్కెస్ట్రాకు గలదు. స్వయముగా పాట కట్టుకొని పాడువానికి మాత్రము వేదిక యరుదు. సినిమా పాటకు కథ తోడు, నాయకుని ముఖము తోడు, ఊరూర కొట్టకము తోడు. ఒంటరి పాటకు వినువాడొక్కడే తోడు.

ఇక నా ఋణము సంగతి. ‘తమ్ముడు’ వచ్చిన యేడే మా బడిలో నలుగురు పిల్లలు కలిసి యొక మేళము కట్టిరి. ఒకనికి పాత గిటారు దొరకెను. కోయ పిల్లవాడొకడు ఇంటినుండి డోలు తెచ్చెను. తాలిపేరు పొంగి వచ్చినపుడు తమ గూడెమువారు పడిన పాట్లపై తామే పాట కట్టి, వార్షికోత్సవమున పాడెదమని నన్నడిగిరి. “ఎవరికిని తెలియని పాట నెవరు విందురురా? తమ్ముడు సినిమాలోని పాట పాడుడు” అంటిని. వారు మారు పలుకక అట్లే పాడిరి. చప్పట్లు మ్రోగినవి. ఆ తాలిపేటి పాటను మాత్రము నేను వినలేదు. మరుసటి యేటికి వారి మేళమును లేదు.

నేను పాడుడని యాజ్ఞాపించిన పాటకు బాణీ కట్టినవాడును అట్టి మేళమునుండియే వచ్చెనని నాకప్పుడు తెలియదు. తెలిసిన పిదప నా మాట నాకే ములుకై గ్రుచ్చుకొనెను.

2025 సంక్రాంతికి మా యూరి టీకొట్టులో ‘గోదారి గట్టు’ పాట వింటిని. బాణీ భీమ్స్ సిసిరోలియోది. మధుప్రియతో కలిసి పాడిన గొంతు రమణ గోగులది. 1998 నాటి చిత్రమునకును దీనికిని నాయకుడు వెంకటేశే. ఇన్నేండ్లకు ఆ గొంతు మరల వచ్చెనని జనులు సంతసించిరి, నేనును సంతసించితిని. కాని యది వచ్చినది సినిమా వాకిటనే.

మా కోయగూడెములలో విత్తనాల పండుగనాడు ఏ సినిమాయు లేకయే డోలు మ్రోగును. వలయముగా నిలిచినవారందరును పాడుదురు. అచట పాడువారే వినువారు. ఆ మర్యాద మన బడులకు రావలయును. ఉపాధ్యాయ సోదరులకు నా మనవి యొక్కటియే. వార్షికోత్సవమున పది పాటలు పాడించినచో, అందొకటి పిల్లలు స్వయముగా కట్టినదై యుండనిండు. అపస్వరములున్నను వినుడు. నేను వినలేదు.

సెలవు.